కలిసిందే, కానీ కన్నదెవరు?

జాజ్ అన్ని జాతుల సంగీతమని ఇప్పుడు పెద్ద బ్యాండ్లతో పండుగ చేస్తున్నారు. నిజమే. ఆఫ్రికా దరువు, కరీబియన్ ఊపు, యూరపు బాకాలు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో కలిశాయి. కానీ అక్కడి కాంగో స్క్వేర్‌లో ఆదివారాలు డోలు కొట్టింది బానిసలే! 1917లో మొదటి జాజ్ రికార్డు మాత్రం తెల్లోళ్ళ బ్యాండు పేరు మీద వచ్చింది.

1938 డిసెంబర్ 23న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ఒక కచేరీ ఆ వేళ్ళను చూపింది. కౌంట్ బేసీ బ్యాండుతో పాటు నల్లజాతి జనం దేవుని పాటలు, బ్లూస్ వినిపించారు. అంతకు ముందు ఏడాది చనిపోయిన గాయని బెస్సీ స్మిత్‌కు దాన్ని అంకితమిచ్చారు.

కలయిక మాకూ ఇష్టమే. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే దాన్ని కలయిక అనం, దోపిడీ అంటాం. డప్పు కొట్టిన చేతులకు ఇది వేరే చెప్పాలా?