పెరటి గుమ్మం లేని ఇళ్లు

తెలుగువారి పాత ఇంటికి రెండు గుమ్మాలు ఉండేవి. వీధి గుమ్మం చుట్టాలకు, తోరణాలకు. పెరటి గుమ్మం నూతికి, తులసికోటకు, పొరుగింటి చేబదుళ్లకు. ఇంట్లో నిప్పు అంటుకుంటే ప్రాణాలు దక్కించుకునే దారి కూడా అదేనన్న సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోలేదు. చెప్పుకోవలసిన అవసరం రాలేదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులను వెతుక్కుంటూ విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి రాయపూర్ చేరిన కుటుంబాలు ఈ అలవాటును కోల్పోలేదు. రైల్వే క్వార్టరు ఎంత ఇరుకైనదైనా ముందొక తలుపు, వెనుకనున్న చిన్న పెరటిలోకి మరొక తలుపు ఉండేవి. 2000 నవంబరు 1న రాయపూర్ ఛత్తీస్‌గఢ్ రాజధాని అయింది; ఆ తరువాత ఊరు పక్కలకే గాక పైకి కూడా పెరిగింది. క్వార్టర్లలో పుట్టిన పిల్లలు పెద్దవారై మూడవ అంతస్తులోనో, నాలుగవ అంతస్తులోనో ఫ్లాటు కొనుక్కున్నారు. గాలి, వెలుతురు, లిఫ్టు, కాపలాదారు అన్నీ సమకూరాయి. పెరటి గుమ్మం మాత్రం పోయింది. ఫ్లాటుకు ఒకటే తలుపు. ఆ తలుపు ఒకటే మెట్లదారిలోకి తెరుచుకుంటుంది. ఆ మెట్లదారి కింద వాహనాల మధ్యకు దిగుతుంది.

ఇటువంటి భవనాలు హైదరాబాదులోనూ, విజయవాడలోనూ, మరెన్నో ఊళ్లలోనూ ఒకే అచ్చులో పోసినట్లు కనబడతాయి. స్తంభాల మీద నాలుగైదు అంతస్తులు, నేలమట్టంలో పార్కింగు. మెట్ల మొదట్లో విద్యుత్ మీటర్ల బోర్డు, దాని పక్కనే వరుసగా స్కూటర్లు, వాటిలో కొన్ని రాత్రంతా చార్జింగులో. మెట్ల కింది సందులో పాత పరుపులు, రంగు డబ్బాలు, ఎవరివో తెలియని అట్టపెట్టెలు. భవనమంతటిలో నిప్పు పుట్టడానికి ఇంతకంటె అనువైన చోటు లేదు. మనుషులందరూ బయటపడవలసింది కూడా అక్కడినుంచే.

2023 నవంబరు 13న, దీపావళి మరునాటి ఉదయం, హైదరాబాదు నాంపల్లి సమీపంలోని బజార్‌ఘాట్‌లో సరిగ్గా ఇటువంటి భవనంలోనే మంటలు లేచాయి. నేలమట్టంలో రసాయనాల పీపాలు నిల్వ ఉన్నాయి. పై అంతస్తులలో కుటుంబాలు కాపురముంటున్నాయి. తొమ్మిదిమంది మరణించారు. చనిపోయినవారు నిప్పు పుట్టిన చోట ఉన్నవారు కారు. పైన, తమ ఇళ్లలో ఉన్నవారు. మెట్లదారి నిండా పొగ కమ్ముకొని, దిగడానికి వీలులేక ఊపిరాడక పోయారు. అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరు 12న సికింద్రాబాదులోని ఒక హోటలులో కథ వేరు కాదు. కింద విద్యుత్ స్కూటర్ల దుకాణం, పైన నిద్రకు ఉపక్రమించిన ప్రయాణికులు, నడుమ మెట్లు. ఎనిమిదిమంది మరణించారు. 2025 మే 18 తెల్లవారి చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే పెద్ద కుటుంబానికి చెందిన 17 మంది మరణించారు. వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. ఆ ఇంటికి దారి సొరంగం వంటి రెండు మీటర్ల నడవ; పైకి మీటరు వెడల్పు మెట్లు.

అగ్నిప్రమాదమనగానే మనకు మంటలు గుర్తుకు వస్తాయి. నిజానికి పై అంతస్తులవారిని ముందుగా చేరేది మంట కాదు, పొగ. వేడెక్కిన గాలి పైకి పోతుంది. నిలువునా తెరిచి ఉన్న మెట్లదారి దానికి పొయ్యి మీద పొగగొట్టంలా పనిచేస్తుంది. కింద బలమైన నిప్పు పుట్టిందంటే కొద్ది నిమిషాలలోనే పై అంతస్తు నడవా నల్లబడుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. మనిషికి ముందు తల తిరుగుతుంది, తరువాత తోవ తెలియదు. ప్రతిరోజూ కళ్లు మూసుకొని దిగే మెట్లే ఆ క్షణంలో అపరిచితాలవుతాయి.

ఈ సంగతి శాసనకర్తలకు తెలియనిది కాదు. భారత జాతీయ భవన నిర్మాణ స్మృతి మొదట 1970లో వెలువడింది. 1983లో, 2005లో, 2016లో సవరణలు పొందింది. 15 మీటర్లు, అంతకు మించి ఎత్తు గల భవనాలకు కనీసం రెండు మెట్లదారులు ఉండాలన్నది దాని నియమం. అంతస్తు వైశాల్యం తక్కువైనచోట కొన్ని మినహాయింపులు లేకపోలేదు. మెట్లదారి చుట్టూ గోడలుండాలి. అది కింద సరాసరి ఆరుబయటికి తెరుచుకోవాలి. అందులో గ్యాసు గొట్టాలు, విద్యుత్ పలకలు ఉండకూడదు. లిఫ్టును నిష్క్రమణ మార్గంగా లెక్కించరాదు. ఈ వాక్యాలు చదివి తమ భవనం మెట్ల మొదట్లో నిలబడి చూసేవారు నవ్వాలో నిట్టూర్చాలో తెలియని స్థితిలో పడతారు.

అయితే ఈ స్మృతి స్వయంగా చట్టం కాదు. రాష్ట్రాలు, పురపాలక సంఘాలు తమ నిబంధనలలో చేర్చుకున్న మేరకే దానికి బలం. ఛత్తీస్‌గఢ్ నిబంధనలకు మూలం అవిభక్త మధ్యప్రదేశ్ 1984లో చేసిన భూమి వికాస నియమాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2012లో జారీ చేసిన నిబంధనలు ఎత్తైన భవనమంటే 18 మీటర్లు, ఆపైన అని గీత గీశాయి. గీత ఎక్కడ గీసినా భవనాలు దాని కిందనే ఆగడం నేర్చుకున్నాయి. రెండవ మెట్లదారి అంటే ప్రతి అంతస్తులోనూ అమ్ముకోగల స్థలంలో కొంత వదులుకోవడం. కాబట్టి మధ్యతరగతి ఫ్లాటు గీతకు ఒక అడుగు ఇవతలే ఉంటుంది. నియమం దానిని పెద్దగా పట్టించుకోదు. 14 మీటర్ల ఎత్తున కిటికీలో నిలబడ్డ మనిషికి, 16 మీటర్ల ఎత్తున నిలబడ్డవాడికి తేడా ఏమిటో చెప్పడం కష్టం. ఇద్దరూ దూకలేరు.

స్మృతిలో మరొక ఆసక్తికరమైన అంశం ఉంది. చాలా ఎత్తైన భవనాలలో, దిగలేనివారు కాసేపు నిలబడి సాయం కోసం ఎదురుచూడడానికి ఆరుబయటికి తెరిచి ఉన్న ఆశ్రయ స్థలం ఉండాలని చెబుతూనే, 60 మీటర్ల లోపు ఎత్తులో బాల్కనీలున్న నివాస ఫ్లాట్లకు మినహాయింపు ఇచ్చింది. బాల్కనీయే ఆశ్రయమని దాని లెక్క. లెక్క సరైనదే. కానీ ఫ్లాటులో పాలు పొంగించిన వారం రోజులకే బాల్కనీకి కింది నుంచి పైదాకా ఇనుప గ్రిల్ వచ్చి చేరుతుంది. దొంగల భయం, కోతుల భయం, పిల్లలు పడిపోతారన్న భయం. ఏదీ తోసిపుచ్చదగినది కాదు. ఫలితం మాత్రం అగ్నిమాపక దళం నిచ్చెన వేసి చేరినా కమ్మీలు కోయవలసి రావడం.

రెండవ దారి కాగితం మీద ఉంటే చాలదని ప్రపంచానికి నేర్పిన సంఘటన 1911 మార్చి 25న న్యూయార్కులో జరిగింది. ట్రయాంగిల్ అనే దుస్తుల కర్మాగారం ఒక పది అంతస్తుల భవనంలో పై మూడు అంతస్తులలో ఉండేది. మెట్లదారులు రెండు ఉన్నాయి. తొమ్మిదవ అంతస్తులో ఒకదాని తలుపుకు తాళం వేసి ఉంది. బయటి ఇనుప మెట్లు జనం బరువుకు కూలిపోయాయి. అగ్నిమాపక దళం నిచ్చెనలు ఆరవ అంతస్తు వరకే అందాయి. 146 మంది మరణించారు. ఎక్కువమంది పడుచు ఆడపిల్లలు. నేడు అనేక దేశాలు అనుసరించే నిష్క్రమణ నియమాలకు ఆ తాళమే ఒక కారణం. లండన్‌లో 2017 జూన్ 14న 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ భవనం కాలినప్పుడు 72 మంది పోయారు. దానికి ఉన్నది ఒకటే మెట్లదారి. 18 మీటర్లు దాటే కొత్త నివాస భవనాలకు రెండవ మెట్లదారి తప్పనిసరి చేస్తామని అక్కడి ప్రభుత్వం 2023లో ప్రకటించింది.

కట్టి ముగించిన భవనానికి రెండవ మెట్లదారి చేర్చడం సులభం కాదు. పక్కన ఖాళీ ఉన్నచోట బయటి గోడకు ఇనుప మెట్లు అమర్చుకోవచ్చు. పార్కింగు పోతుందని ఒకరు, దొంగలకు దారి అవుతుందని మరొకరు అభ్యంతరం చెబుతారు. ఆ తగవు తేలేలోగా చేయదగినవి ఉన్నాయి. మెట్ల మొదట్లో ఏ వాహనమూ నిలపకుండా చూడడం, చార్జింగును అక్కడినుంచి బయటి ప్రహరీ పక్కకు మార్చడం, మీటర్ల బోర్డుకూ మెట్లకూ నడుమ గోడ కట్టించడం, మెట్ల కింది సామాను ఎవరిదైనా సరే తీయించడం. వీటికయ్యే ఖర్చు ఒక కొత్త లిఫ్టు మోటారు ఖర్చుకు దరిదాపులకు కూడా రాదు.

తలుపు తెరవగానే మెట్లమీద దట్టమైన పొగ కనబడితే అందులోకి దిగరాదు. డాబామీదికని పైకీ పరుగెత్తరాదు. తలుపు మూసి, దాని కింది సందును తడిగుడ్డలతో కప్పి, వీధికి కనబడే బాల్కనీలోకో కిటికీ దగ్గరికో చేరి 101కి గాని 112కి గాని ఫోను చేయాలి. మూసిన తలుపు పొగను చాలాసేపు ఆపగలదు. ఇక బాల్కనీ గ్రిల్‌లో మనిషి దూరగలిగినంత చిన్న తలుపు పెట్టమని ఇనుప పని చేసేవారిని అడిగితే పెడతారు. దానికి తాళం వేయక తప్పదనుకుంటే, తాళంచెవి ఆ పక్కనే మేకుకు, ఇంట్లో అందరికీ తెలిసేలా, బయటినుంచి చేయి అందనంత దూరంలో వేలాడాలి.