ఐలమ్మకు గుర్రం ఎందుకు?

పోయిన వారం మొదలుపెట్టిన ముచ్చట ఇంకా మిగిలే ఉంది. దాన్ని పక్కనపెట్టి ఇయ్యాల కాఫీ కప్పు గురించి రాస్తున్నాను.

పోలండ్‌లో ఎంఎస్ చేస్తున్న మా పాత విద్యార్థి ఒకడు ఫోటో కప్పు పంపాడు. క్రాకోవ్‌లో వావెల్ కోట దగ్గర గుర్రమెక్కిన మనిషి విగ్రహం దాని మీద. "ఎవరో రాజు సార్" అని రాశాడు. రాజు కాదు. ఆయన పేరు తదేవుష్ కొష్చుష్కో. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసి, 1794లో సొంత దేశంలో రష్యా మీద తిరుగుబాటు నడిపినవాడు. ఆ యుద్ధంలో భూస్వాముల పొలాల్లో వెట్టి చేసే రైతులు నిటారుగా బిగించిన కొడవళ్లతో ఫిరంగుల మీదికి ఉరికారు. ఆ గెలుపు తర్వాత ఆయన రైతుల కోటు తొడుక్కున్నాడు. వెట్టి రోజులు తగ్గిస్తూ ప్రకటన ఇచ్చాడు.

నాకు ఇంకా నచ్చింది ఆయన వీలునామా. 1798లో అమెరికా వదిలిపోతూ, అక్కడున్న తన డబ్బుతో నల్లజాతి బానిసలను కొని విడిపించి చదువు చెప్పించమని రాసి, థామస్ జెఫర్సన్ చేతిలో పెట్టాడు. మనుషులంతా సమానంగా పుట్టారని రాసిన జెఫర్సనే! 1817లో కొష్చుష్కో చనిపోయాడు. జెఫర్సన్ ఆ బాధ్యత తీసుకోలేదు. కేసు కోర్టుల్లో నలిగి నలిగి, 1852లో అమెరికా సుప్రీంకోర్టు సొమ్మును బంధువులకు ఇచ్చింది. ఒక్క బానిస కూడా విడుదల కాలేదు. సమానత్వం గురించి అందంగా రాసేవాళ్ల దగ్గర మన డబ్బు దాచుకోవద్దని నేను క్లాసులో చెప్తుంటాను, సిలబస్‌లో లేకపోయినా.

క్రాకోవ్‌లోని ఆ విగ్రహాన్ని 1940లో జర్మన్లు కూల్చారు. 1960లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమే దాన్ని మళ్లీ పోతపోయించి ఇచ్చింది. మన దగ్గర 2019 ఏప్రిల్‌లో, జయంతికి ముందురోజు, పంజాగుట్టలో నిలబెట్టిన అంబేడ్కర్ విగ్రహాన్ని తీసేసి చెత్తబండిలో జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పంపారు. విరిగిన ఆ విగ్రహం ఫోటోలు మీలో చాలామంది ఫోన్లలో ఇంకా ఉండే ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ కప్పు చూసి మా పిల్లలు, ఐలమ్మ వర్ధంతికి మనమూ కప్పులు వేయిద్దామన్నారు. కోఠిలో మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్టు 2024 సెప్టెంబర్ 10న ప్రకటించారు కదా. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీకి, కర్క్‌ప్యాట్రిక్ కట్టించిన ఆ భవనానికి, బట్టలుతికే ఇంటి ఆడమనిషి పేరు. ఆ వీధుల్లోనే అచ్చు వేయిద్దామని కోఠిలో ఒక దుకాణానికి వెళ్లాం. డిజైన్ చేసే అబ్బాయి ఐదు నిమిషాల్లో బొమ్మ తయారుచేశాడు. ఎగిరే గుర్రం, చేతిలో ఖడ్గం, మెడనిండా నగలు, పైన ఐలమ్మ ముఖం. "వీరనారి అంటే ఇదే టెంప్లేట్ సార్, ఎవరికైనా ఇదే" అన్నాడు. పిల్లలకు తెగ నచ్చింది.

నేను వద్దన్నాను. ఐలమ్మ కౌలు భూమిలో దున్ని పండించుకున్న మనిషి. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆ పంట మీద కన్నేస్తే, సంఘం వాళ్లతో కలిసి ధాన్యం ఇంటికి చేర్చుకుంది. ఆ కథలో గుర్రమెక్కే హోదా ఉన్నది దేశ్‌ముఖ్‌కే. ఆమెను తీసుకెళ్లి దొర జీను మీద కూర్చోబెడితే కాలినడకన, కర్ర చేతబట్టి చేసిన పోరాటం మాయమైపోతుంది. మర్యాద కావాలంటే రాణిలా కనపడాలన్న పాత షరతుకు మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

అయితే పిల్లల మాటనూ కొట్టిపారేయలేను. 2018 మార్చిలో గుజరాత్ భావ్‌నగర్ జిల్లాలో ఒక దళిత యువకుణ్ణి చంపేశారు. గుర్రం కొనుక్కుని ఎక్కి తిరిగినందుకేనని ఇంటివాళ్లు చెప్పారు. ఉత్తరాది ఊళ్లలో ఇప్పటికీ మన పెళ్లికొడుకు గుర్రమెక్కాలంటే పోలీసులు వెంట నడవాలి. ఎక్కనివ్వని చోట ఎక్కడం హక్కు. ఝాన్సీ సైన్యంలో పోరాడిన కోరీ కులపు ఝల్కారీబాయికి గ్వాలియర్‌లో గుర్రం మీదే విగ్రహం ఉంది. ఆమె కథలో గుర్రం ఉంది కాబట్టి అది ఆమె సొత్తు. ఆమెను కప్పు మీద వేస్తామంటే ఆ టెంప్లేట్‌కు నాకేం అభ్యంతరం లేదు.

వాదన గంటసేపు దుకాణం మెట్ల మీదే జరిగింది. చివరికి మనందరికీ తెలిసిన ఫోటోనే, ఆ ముసలి ముఖం, ఆ కర్ర, ఖాయం చేశాం. బొమ్మ తిరగేసి కాగితం మీద అచ్చువేసి, కప్పుకు చుట్టి, మూడు నాలుగు నిమిషాలు వేడి మెషిన్‌లో బిగిస్తే అయిపోతుంది. పని ఆగింది ఇంకోచోట. కింద ఏ పేరు రాయాలి? ఇద్దరు "వీరనారి" అంటున్నారు, ఒకమ్మాయి "చిట్యాల ఐలమ్మ" అని ఇంటిపేరుతో రాయాలంటోంది. ఆమె రజక కుటుంబం నుంచే వచ్చింది, "చాకలి" అన్న మాట కప్పు మీద ఉంటే ఇంట్లో నాన్న ముందు పెట్టలేనంటోంది. కులం పేరు దాచొద్దని క్లాసులో రోజూ చెప్పే నా దగ్గర ఆ పిల్లకు ఇచ్చేందుకు తయారుగా జవాబు లేదు. శుక్రవారం లోపు దుకాణానికి చెప్పాలి. రజక మిత్రులు ముందుగా రాయండి.