కాలాపానీకి పోయిన మనోళ్ల పేర్లు ఎవరు వెతకాలె?

సిద్దిపేటలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రంప పోరాట నాయకుడు ఎవరంటే నిద్రలో లేపి అడిగినా చెప్తరు. మంచిదే. ఇంకో ప్రశ్న అడుగుత. ఆ పోరాటాల్లో పట్టుబడి అండమాన్‌కు పోయిన ఆదివాసీల పేర్లు ఐదు చెప్పండి.

ఆగిపోయిన్రు కదా? తప్పు మీది కాదు. మనకు ఎవరూ చెప్పలేదు.

ఐర్లండ్‌వాళ్లను చూడండి. 1791లో ‘క్వీన్’ అనే ఓడ ఐర్లండ్ నుంచి నేరుగా ఆస్ట్రేలియాకు ఖైదీలను మోసుకపోయింది. 1868 దాకా ఓడలు ఆగలే. దొంగతనం చేసినోళ్లూ పోయిన్రు, తిరగబడ్డోళ్లూ పోయిన్రు. 1988లో ఐర్లండ్ ప్రభుత్వం ఆ రికార్డుల నకళ్లను ఆస్ట్రేలియాకు కానుకగా ఇచ్చింది. ఇయ్యాల సిడ్నీలో ఉన్న మునిమనవరాలు కంప్యూటర్‌లో పేరు కొట్టి తాత మీద పడ్డ కేసు, శిక్ష వెతుక్కోవచ్చు. ఒకప్పుడు సిగ్గుతో దాచిన తాతను ఇప్పుడు గర్వంగా చెప్పుకుంటున్నరు.

మరి మన గాం మల్లుదొర? 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైన పోరాటంలో తోడబుట్టిన గంటందొరతో కలిసి నిలబడ్డడు. గంటందొర 1924లో తూటాలకు బలైండు. పట్టుబడ్డ మల్లుదొరకు ముందు ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని యావజ్జీవ ద్వీపాంతర శిక్షగా మార్చి అండమాన్‌కు పంపిన్రు. ఆయన ప్రాణాలతో తిరిగొచ్చిండు. 1952లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి మొదటి లోక్‌సభలో కూర్చున్నడు. కాలాపానీ నుంచి పార్లమెంటు దాకా పోయిన మనిషి గురించి మనకు ఒక పేరా కూడా రాదంటే ఏమనాలె? అల్లూరిని తక్కువ చేయమంటలేను. ఆయన వెనుక నడిచినోళ్లను గుంపుగా చూడొద్దంటున్న.

మల్లుదొర ఒక్కడే కాదు. 1879లో మొదలైన రంప తిరుగుబాటును అణచినంక కూడా మన్యం మనుషులను అండమాన్‌కు తోలిన్రు.

ఇంకో చేదు నిజం కూడా చెప్పుకోవాలె. 1858లో ఆ జైలు వలస పెట్టింది అక్కడి ఆదివాసీల నేల మీద. 1859లో వాళ్లు అబర్డీన్ దగ్గర బాణాలతో ఎదురు తిరిగిన్రు. అంటే ఒక ఆదివాసీని బంధించడానికి ఇంకో ఆదివాసీ అడవిని నరికిన్రు.

“రికార్డులు ఎక్కడుంటయిలే” అని వదిలేయకండి. ద్వీపాంతరం పంపాలంటే తీర్పు కావాలె, జైలు రిజిస్టర్ కావాలె. అండమాన్‌లో ఖైదీ మెడకు నంబరు, శిక్ష తేదీ రాసిన చెక్కబిళ్ల కట్టేటోళ్లు. సిద్దిపేట నిజాం రాజ్యంలో ఉండె, రంప మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉండె. అందుకే రంప కాగితాల కోసం తార్నాక కాదు, చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కు పోవాలె. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల ‘అభిలేఖ్ పటల్’ అయితే ఫోన్‌లోనే తెరుచుకుంటది.

వెతికేటప్పుడు ఒక్క స్పెల్లింగ్ పట్టుకుని కూర్చోకండి. మన పేర్లను తెల్లదొర చెవికి వినపడ్డట్టు రాసుకున్నడు. దొర, పడాలు అనే మాటలు చాలా పేర్లకు ఉంటయి, కాబట్టి ఊరి పేరుతో సరిచూడండి. మన్యం దోస్తులుంటే వాళ్ల ముసలోళ్లను అడగమనండి.

ప్రభుత్వాన్ని కూడా అడుగుదాం. శిక్ష పడ్డ ప్రతి ఆదివాసీ రికార్డు నకలు తెలుగులో ఆ ఊరి బడికి చేరాలె. ఐర్లండ్ ఇంకో దేశానికి ఇచ్చింది. మనోళ్లు మన ఊరికి ఇయ్యలేరా?

శిక్ష వేసినోడు పేరు రాసుకున్నడు. పోరాటం అందుకున్న మనం రాసుకోకపోతే ఎట్ల?