కొన్న వస్తువు ఎవరిది?

వర్తకులు తమలో తాము పోరాడుకొన్నచో కొనువారికి లాభమని అర్థశాస్త్ర పండితులు చెప్పుదురు. ధర తగ్గును, సరకు మెరుగగును, కొనువాడే రాజగునని వారి సిద్ధాంతము. బియ్యమునకు, బట్టకు ఈ సిద్ధాంతము చెల్లవచ్చును. కాని ఒక యంత్రమునకై చేసిన సరకు వేరొక యంత్రమున పనిచేయని చోట ఇది తలక్రిందులగును. అచ్చట వర్తకుల యుద్ధమునకు వ్యయము పెట్టువాడు కొనువాడే. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్లు గెలిచినవాడును ఓడినవాడును సుఖముగనే యుందురు, మధ్యనున్నవాడు కుంటివాడగును. 2006 మొదలు 2008 వరకు అధిక స్పష్టత గల చలనచిత్రపు డిస్కుల విషయమున జరిగిన పోరాటము ఇందుకు నిదర్శనము. పదిహేనేండ్లు దాటిన కథను ఇప్పుడేల త్రవ్వెదరని పాఠకులు అడుగవచ్చును. దాని ఫలము నేడు అమీరుపేట, పంజగుట్ట దుకాణములలో మన కన్నులయెదుట నున్నది గావుననే త్రవ్వుచున్నాము.

మునుపటి డి.వి.డి.కంటె పలురెట్లు స్పష్టముగ చిత్రములను చూపగల డిస్కును చేయుటకు పెద్ద సంస్థలు రెండు పక్షములుగ చీలినవి. జపానుకు చెందిన సోనీ, పానసోనిక్, హాలెండుకు చెందిన ఫిలిప్స్ మున్నగునవి బ్లూ-రే పక్షము. తోషిబా, ఎన్.ఇ.సి. సంస్థలది హెచ్.డి. డి.వి.డి. పక్షము, అమెరికాదేశపు మైక్రోసాఫ్టు వీరికి తోడయ్యెను. రెండు డిస్కుల వెడల్పును ఒక్కటే. రెండింటిని చదువు లేసరు కిరణపు వన్నెయు ఒక్కటే. అయితే బ్లూ-రే ఒక్క పొరలో 25 గిగాబైట్లు పట్టును. రెండవదాని పొరలో 15 గిగాబైట్లే పట్టును. మొదటిదానికి కర్మాగారమున క్రొత్త సాధనములు కావలెను. రెండవదానిని పాత డి.వి.డి. సాధనములనే కొంత మార్చి తయారుచేయవచ్చును. రెండింటికిని సుగుణములు కలవు. 2005లో సంధి మాటలు నడచి విఫలమైనవి. 2006 మార్చి 31వ తేదీన తోషిబా తన యంత్రమును జపానులో విడుదల చేసెను. అదే సంవత్సరము జూనులో బ్లూ-రే యంత్రము అమెరికా విపణిలోనికి వచ్చెను. ఒకదాని డిస్కు మరియొకదానిలో ఆడదు. హాలీవుడ్డు సంస్థలును చీలిపోయినవి. ఒక చిత్రము కావలెనన్న ఒక యంత్రము, వేరొక చిత్రము కావలెనన్న వేరొక యంత్రము కొనవలసివచ్చెను.

ఈ పోరున పిల్లల ఆటయంత్రములే సైన్యములైనవి. సోనీ సంస్థ 2006 నవంబరులో విడుదల చేసిన ప్లేస్టేషన్ 3 లోపలనే బ్లూ-రే చదువు సాధనము నమర్చెను. ఆ యంత్రమును తయారీ వ్యయముకంటె తక్కువ వెలకు అమ్మి, ఆట కోరి కొన్నవాని యింటిలోనికి తన డిస్కును ప్రవేశపెట్టెను. మైక్రోసాఫ్టు ఎక్స్‌బాక్స్ 360 మాత్రము పాత డి.వి.డి.తోనే నడచెను; హెచ్.డి. డి.వి.డి. సాధనమును 200 డాలర్ల వెలకు విడిగా అమ్మిరి. ఆట కావలసినవానికి డిస్కును, డిస్కు కావలసినవానికి ఆటయంత్రమును అంటగట్టిన యుక్తియే తుదకు గెలిచెను. 2008 జనవరి 4న వార్నరు సంస్థ బ్లూ-రే పక్షమునకు మరలుచున్నట్లు ప్రకటించెను. ఫిబ్రవరి 19న తోషిబా ఆయుధములు విడిచెను.

ఆ పిమ్మట జరిగినది మరింత గమనింపదగినది. 2009లో తోషిబా తానే బ్లూ-రే సంఘమున సభ్యత్వము కోరెను. 2013లో మైక్రోసాఫ్టు తన క్రొత్త ఎక్స్‌బాక్సులో బ్లూ-రే సాధనమునే అమర్చెను. పోరినవారు కలిసిపోయిరి. ఓడిన పక్షపు యంత్రమును నమ్మి, దాని డిస్కులను అలమరలో పేర్చుకొన్న గృహస్థుని మాత్రము ఏ సంధిపత్రమునను స్మరింపలేదు.

ఇట్లు కాక తప్పదా యన్నచో, తప్పునని చరిత్రయే చెప్పుచున్నది. 1995లో డి.వి.డి. పుట్టునప్పుడును సోనీ, ఫిలిప్సులు ఒక డిస్కును, తోషిబా మున్నగువారు వేరొక డిస్కును సిద్ధపరచిరి. అప్పుడు ఐ.బి.ఎం., ఆపిల్, మైక్రోసాఫ్టు మొదలైన కంప్యూటరు సంస్థలు ఒక్కటై, ఇరువురును ఏకమైనగాని ఏ డిస్కును స్వీకరింపమని తెగవేసి చెప్పినవి. ఆ యేడే సంధి కుదిరెను. లోకమున కంతటికి ఒక్కటే డి.వి.డి. లభించెను. కొనువారు కూడి నిలిచిన తయారీదారులు దిగివత్తురు. 2006లో కొనువారు విడివిడిగా నున్న గృహస్థులు. గావుననే వారి మాట చెల్లలేదు.

ఇక మన వీధికి వత్తము. అమీరుపేట, పంజగుట్టలు మెట్రో రైలులో ఒక్క స్టేషను దూరము. మైత్రీవనము చుట్టుప్రక్కల కంప్యూటరు విద్య నేర్వ వచ్చిన తెలుగు జిల్లాల యువకులు వేలకొలదిగ వసతిగృహములలో నుందురు. పంజగుట్ట దారిలో పెద్ద విపణులు, విద్యుత్పరికరముల దుకాణములు వరుసదీరినవి. ఒక వంక జేబులో పైకము లేక కాలిబాటపై నకిలీ డిస్కులను కొనువారును, వేరొక వంక అసలు సరకునకు అసలు వెల చెల్లించువారును ఇచ్చట ఒక్క దారినే నడచిరి. 2007 ఏప్రిలులో ప్లేస్టేషన్ 3 మన దేశమున 39,990 రూపాయలకు విడుదలయ్యెను. గుమాస్తా కుటుంబమునకు అది పలునెలల సంపాదన. అయినను ఆ ధనమిచ్చినవానికి డిస్కు ద్వారము గల యంత్రము దొరకెను. ఆట డిస్కును కొన్నవాడు తనివితీర ఆడి, మిత్రునకు ఎరువీయవచ్చును. పాతసరకు దుకాణమున అమ్మి, ఆ సొమ్మునకు కొంత చేర్చి క్రొత్తది తెచ్చుకొనవచ్చును. ఒక్క డిస్కు నలుగురు పిల్లలను ఆడించెడిది. మధ్యతరగతివాడు ఖరీదైన వినోదమును భరించిన ఉపాయ మిదియే.

2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశమునకు వచ్చెను. డిస్కు ద్వారము లేని రకము వెల సరిగా 39,990 రూపాయలే. ద్వారము కావలెనన్నచో 49,990 రూపాయలు. నడుమ రూపాయి విలువ తగ్గినమాట నిజమే. కాని ఇచ్చట మేము చూపదలచినది వేరు. ఎరువిచ్చుటకు, తిరిగి అమ్ముకొనుటకు గల స్వాతంత్ర్యమునకే పదివేల రూపాయల వెల కట్టబడినది! ఆ పదివేలు మిగుల్చుకొన్న తండ్రి, తన కుమారుడు ప్రతి ఆటను ఒక్క అంగడిలోనే, ఆ అంగడి చెప్పిన వెలకే కొనవలయునని ఎరుగడు. అమ్మకపువాడు చెప్పడు.

ఈ పోరులో మన దేశపు భాగమేమి? మన చేత డిస్కులు కాలేదని కాదు. 1983లో స్థాపింపబడిన మోజర్ బేర్ సంస్థ నోయిడాలోని కర్మాగారములనుండి దేశదేశములకు డిస్కులను ఎగుమతి చేసి, ప్రపంచమున అగ్రశ్రేణి తయారీదారులలో నొకటిగ నెన్నికగన్నది. 2007 ప్రాంతమున తెలుగుతో సహా దేశభాషల చిత్రములను వి.సి.డి. 28 రూపాయలకు, డి.వి.డి. 34 రూపాయలకు అమ్మి, నకిలీ సరకునకు వెలతోనే బదులుచెప్పెను. అట్టి సంస్థ 2018లో దివాలా ప్రక్రియలో మూతపడెను. దాని అప్పుల కథ దానికి కలదు. విపణియే డిస్కును విడుచుట మరియొక కారణము. కాని మూలసూత్రము మరువరాదు. డిస్కును చేయు శ్రమ మనది. డిస్కు రూపమును నిర్ణయించు అధికారము పరులది. ఏ పక్షము గెలిచినను పేటెంటు రుసుము మనము కట్టక తప్పదు. 2018 జూలైలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము డి.వి.డి. యంత్రములు కూర్చిన మన చిన్న వర్తకులు ఫిలిప్సు పేటెంటును ఉల్లంఘించిరని తీర్పుచెప్పి, యంత్రమునకు ఇన్ని డాలర్లని రుసుము విధించెను. తీర్పు చట్టప్రకారమైనదే, దానిని నిందింపము. కాని ఆ పేటెంటు గడువు 2015లోనే తీరిపోయినది. తీర్పు వచ్చునాటికి యంత్రమే పాతబడినది. పరుల బాటలో ఆలస్యముగ నడచువాడు సుంకము కట్టుచునే యుండును.

అట్లయిన మనమును వేరొక డిస్కును కనిపెట్టవలెనా? చైనాదేశము ఆ యత్నము చేసెను. 2003లో ఇ.వి.డి. యనుదానిని, పిదప హెచ్.డి. డి.వి.డి.ని ఆధారముగ గొని వేరొక నీలికిరణపు డిస్కును నిలుపజూచెను. అవి ఆ దేశపు ఎల్లలు దాటలేదు. కావున దేశాభిమానమనగా మరియొక గోడ కట్టుట కాదు. లోకమున కంతటికి ఒక్కటైన, అందరికి తెరచియుంచిన ప్రమాణమును నిర్ణయించు సభలో మనకును ఒక పీట యుండవలెననుట.

ఇప్పుడు డిస్కే పోవుచున్నది. గెలిచిన సోనీయే ఇంటిలో ముద్రించుకొను బ్లూ-రే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో ఆపివేసెను. చిత్రము, ఆట, పాట సమస్తము తంతిమీదనే వచ్చుచున్నవి. ఇందు సౌకర్యము లేదనము. స్వల్ప చందాకు, చేతిలోని ఫోనులోనే, మునుపటి ధనికుడు చూడలేనన్ని చిత్రములు నేటి విద్యార్థి చూచుచున్నాడు. అద్దెకు తెచ్చుకొన్నది అద్దె గడువు తీరగనే పోవుట న్యాయమే. మా వాదము అద్దెను గూర్చి కాదు. తెరమీద ‘కొనుము’ అని వ్రాసి, పూర్తి వెల పుచ్చుకొని, వెనుక నిబంధనలలో ‘అనుమతి మాత్రమే’ యని సన్నని యక్షరములలో వ్రాయుటను గూర్చి మా వాదము. విక్రయము వేరు, అనుమతి వేరు. ఒకదాని పేరు చెప్పి వేరొకదాని నిచ్చుటను అంగడి భాషలో ఏమందురో పాఠకులకు తెలియును.

ఇది ఊహించిన భయము కాదు. 2023 డిసెంబరులో సోనీ సంస్థ, ప్లేస్టేషన్ అంగడిలో జనులు వెలయిచ్చి కొన్న డిస్కవరీ సంస్థ చిత్రములను ఆ నెలాఖరున వారి ఖాతాలనుండి తొలగింతుమని ప్రకటించెను. గగ్గోలు చెలరేగిన మీదటనే ఆ యత్నము మానెను. 2024 మార్చి 31న యుబిసాఫ్ట్ సంస్థ ‘ది క్రూ’ అను ఆటకు ఆధారమైన సర్వర్లను మూసివేయగా, వెలయిచ్చి కొన్న ఆట వేలమందికి ఆడరాక పోయెను. డిస్కు చేతనున్నవారికిని ఆ గతియే పట్టెను.

గ్రంథాలయములందు ఈ పత్రిక చదువుచున్న మిత్రు లొక్క విషయము తలపోయవలెను. మన 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము, ఒకమారు అమ్ముడై చలామణిలోనున్న పుస్తకపు ప్రతిపై గ్రంథకర్తకు పంపిణీ హక్కు లేదు. కొన్నవాడు దానిని ఎరువీయవచ్చును, దానము చేయవచ్చును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది మొదలు తెలుగునాట గ్రంథాలయములు బ్రతికినది ఈ ధర్మము మీదనే. ఒక్క ప్రతిని నూరుగురు చదువుట దొంగతనమని ఆనాడెవరైన శాసించియున్నచో మనలో అక్షరాస్యులెందరుందురు? రేపు పుస్తకమును, చిత్రమును, పాఠమును అనుమతి రూపముననే వచ్చినచో గ్రంథాలయము దేనిని భద్రపరచును? 1932లో వచ్చిన మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను నేడు చూతమన్నను ప్రతి దొరకదు. నలుగురి చేతులలో లేని వస్తువు నశించుననుటకు వేరే సాక్ష్య మక్కరలేదు.

చేయవలసిన కార్యములు స్పష్టము. ‘కొనుము’ అను మాటకు అర్థము కొనుటయే కావలెను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో శాసనము చేసి, 2025 జనవరి 1 నుండి, అనుమతి మాత్రమే ఇచ్చు వర్తకుడు ఆ సంగతిని కొనువానికి ముందుగనే స్పష్టముగ తెలుపవలెనని విధించెను. మన 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టమున అన్యాయపు ఒప్పందములను ప్రశ్నించు హక్కు కలదు. ఆ చట్టము క్రింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ 2023 నవంబరులో తెరమీది మోసపు అమరికలను నిషేధించు మార్గదర్శకములు వెలువరించెను. వానికి ఈ యొక్క విధియు చేర్చుట అసాధ్యము కాదు. సేవను మూసివేయు సంస్థ, కొన్నవాడు తనంత తాను వాడుకొను మార్గమైన చూపవలెను, లేదా వెలయైన తిరిగి యీయవలెను. రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు గ్రంథాలయములకును పాఠశాలలకును కొను సామగ్రి ఏ యంత్రమునందైనను తెరువదగిన బహిరంగ ప్రమాణములలోనే యుండవలెనని నియమింపవలెను.

ప్రభుత్వము కదలువరకు ప్రజలు కూర్చుండ పనిలేదు. క్రొత్త యంత్రమును కొనువారు దుకాణమున మూడు ప్రశ్న లడుగుదురు గాక! ఈ సరకును నేను తిరిగి అమ్మవచ్చునా? మీ కంపెనీ మూతపడిన ఇది పనిచేయునా? వేరొక కంపెనీ యంత్రమున ఇది నడచునా? సమాధానములను బిల్లుమీద వ్రాసి యిమ్మనవలెను. ఒక్కడడిగిన నవ్వుదురు, అమీరుపేట నుండి పంజగుట్ట వరకు ప్రతివాడును అడిగిన వ్రాయుదురు. 1995లో కొన్ని సంస్థలు కూడి చేసినదానిని కోట్ల జనులు కూడి చేయలేరా? పరుల పోరున ఎవరు గెలుతురో యని చూచుచు పందెము కాచుట మన పని కాదు. మన కష్టార్జితముతో కొన్నది మనదే యనిపించుకొనుట మన పని.