తెలియదను మాట

పాఠము నడుమ బాలుడొకడు లేచి ప్రశ్న వేయును. సమాధానము ఉపాధ్యాయునకు తెలియదు. ఇట్టి గడియ ఎంతటి పండితునకైనను తప్పదు. అప్పుడు కొందరు "అది పరీక్షకు రాదు, కూర్చో" అందురు, కొందరు కసరుదురు, మరికొందరు నోటికి వచ్చినది చెప్పి గండము గడిచినదనుకొందురు. 'తెలియదు' అను మాట మాత్రము పెదవి దాటదు. ఆ మాట అన్నచో పిల్లలలో తమ గౌరవము సన్నగిల్లునని వారి భయము.

ఈ భయమునకు ఉపనిషత్తుల నాటి గురువులలో ఆధారము కానరాదు. ప్రశ్నోపనిషత్తున సుకేశుని వృత్తాంతము కలదు. కోసల రాజకుమారుడు హిరణ్యనాభుడు ఆయన కడకు వచ్చి, పదునారు కళలు గల పురుషుని గూర్చి ప్రశ్నించెను. సుకేశుడు తనకు తెలియదని దాపరికము లేక ఒప్పుకొనెను. రాజకుమారుడు మారుమాటాడక రథమెక్కి వెడలిపోయెను. కాని సుకేశుడు ఆ ప్రశ్నను విడువలేదు. సమిధలు చేతబూని పిప్పలాదుని ఆశ్రయించి దానినే అడిగెను. తెలియదని ఒప్పుకొనుట గురుధర్మములో సగము మాత్రమే. ఆ ప్రశ్నను తన ఋణముగా మోయుట తక్కిన సగము.

ఇది ఋషులకే గాని నేటి తరగతిగదికి చెల్లదనువారు టాంజానియా దేశపు ఎరాస్టో ఎంపెంబా కథ వినవలెను. 1963లో పాఠశాల విద్యార్థిగా నున్న ఆ బాలుడు ఐస్‌క్రీము చేయుచు, కాచిన పాలను చల్లార్చకయే శీతలయంత్రమున నుంచెను. తోటివాడు పెట్టిన కాచని పాలకంటె ఇతని పాలే ముందుగా గడ్డకట్టినవి. కారణమడుగగా, నీవు పొరబడితివని ఉపాధ్యాయుడు కొట్టివేసెను. పై తరగతులలో మరియొక ఉపాధ్యాయుడు, అది లోకమెరిగిన భౌతికశాస్త్రము గాదు, ఎంపెంబా భౌతికశాస్త్రమని ఎగతాళి చేసెను. ఒకనాడు దారెస్సలాము నుండి ఆచార్య డెనిస్ ఆస్‌బర్న్ ఆ పాఠశాలకు వచ్చెను. తోటివారు నవ్వుచుండగనే ఎంపెంబా ఆయనను అదే అడిగెను. ఆచార్యునకును నమ్మిక కలుగలేదు. అయినను, తనకు తెలియదు గాని ప్రయోగము చేసి చూచెదనని మాట ఇచ్చెను, నిలుపుకొనెను. 1969లో ఆ పరిశీలన ఇరువురి పేర శాస్త్రపత్రికలో ప్రకటితమయ్యెను. వేడినీరు నిజముగా ముందు గడ్డకట్టునా యను విషయమున శాస్త్రజ్ఞులు నేటికిని ఏకీభవింపలేదు. బాలుడు చెప్పినది ఒప్పో తప్పో తేల్చవలసినది ప్రయోగము. ఉపాధ్యాయుని కుర్చీ గాదు.

కిక్కిరిసిన తరగతులు, గడువులోపల ముగింపవలసిన పాఠములు, పైఅధికారుల తనిఖీలు. వీనినడుమ ప్రతి ప్రశ్న వెంట పోవుటకు తీరిక ఎక్కడిదని ఉపాధ్యాయులు అడుగవచ్చును. అది న్యాయమైన మాటయే. కాని నల్లబల్ల మూల ఆ ప్రశ్నను వ్రాసియుంచుటకు నిమిషము చాలును. ఉపాధ్యాయుడు గ్రంథాలయమున వెదకవచ్చును, సహోపాధ్యాయుని అడుగవచ్చును, పిల్లలనే వెదకుడని పురికొల్పవచ్చును. వారము తిరిగినను సమాధానము దొరకనిచో, దొరకలేదని చెప్పినను చాలును. తన ప్రశ్న పెద్దల మనస్సున నిలిచినదని ఆ బాలునకు తెలియును.

కసరులు తిన్న పిల్లవాడు రెండవమారు అడుగును, మూడవమారు అడుగడు. పాఠము అప్పగించుట నేర్చుకొని పరీక్షలందు నెగ్గవచ్చును గూడ. వాడే రేపు ఉపాధ్యాయుడై అదే బల్లముందు నిలుచును. అప్పుడొక బాలుడు లేచి ప్రశ్న వేసినచో, వాడు చెప్పు జవాబు ఏదగునో ఊహించుట కష్టము కాదు.