గిటారు మెట్లు, కిన్నెర మెట్లు

"ఇంట్ల డప్పు పెట్టుకొని గిటారు ఎంబడి పడుడేందిరా?" ఈ మధ్య మన సభల్లో మన పెద్దమనుషులే అంటున్న మాట ఇది. హాస్టల్ పోరగాళ్లు పాత గిటారు ఒకటి కొనుక్కొని, ఫోన్ ముందల పెట్టుకొని రాక్ పాటల రిఫ్‌లు పడుతున్నారు. అది తెల్లోళ్ల పాట, ఉన్నోళ్ల సోకు అని వీళ్ల బాధ.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేర్చుకోండి. ఎవరినీ అడగక్కర్లేదు. కాకపోతే ఆ రిఫ్ ఎవరి చేతుల్లోంచి వచ్చిందో కూడా తెలుసుకోండి.

రిఫ్ అంటే పాటలో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న వరుస, అంతే. గిటారు పట్టిన చాలామంది మొదట వాయించేది డీప్ పర్పుల్ బ్యాండు 1972లో తెచ్చిన 'స్మోక్ ఆన్ ది వాటర్'. (అదే ఏడు బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది, అమెరికా బ్లాక్ పాంథర్స్ పేరు తీసుకొని.) ఆ రిఫ్ ఒక్క తీగ మీద కూడా పలుకుతుంది. ఖాళీ తీగ, మూడో మెట్టు, అయిదో మెట్టు, మధ్యలో ఒకసారి ఆరో మెట్టు. ఆ ఆరో మెట్టు దగ్గర జర ఆగి వినండి. స్వరం ఎక్కడో కలుక్కుమంటుంది. అది బ్లూస్ స్వరం. ఇంగ్లండు పోరగాళ్ల చేతికి అది అమెరికా దక్షిణాది నల్లవాళ్ల దగ్గరినుంచి వచ్చింది. పత్తి ఏరిన చేతులవి. పత్తి ఏరే చేతుల గురించి నల్లగొండోళ్లకు నేను చెప్పాల్నా?

మడ్డీ వాటర్స్ మిసిసిపీలో స్టోవాల్ ప్లాంటేషన్ మీద పనిచేసే మనిషి. 1943లో చికాగోకు వలసపోయిండు. 1954లో ఆయన పాడిన 'హూచీ కూచీ మ్యాన్' వినండి. రాసింది విల్లీ డిక్సన్. రిఫ్ అయిదు స్వరాలు పలికి ఆగిపోతుంది, ఆ ఖాళీలోకి గొంతు దూకుతుంది. దరువు ఆపి మాట అందుకునే మన కళాకారులను విన్నోళ్లకు ఇది కొత్త కాదు. 1969లో లెడ్ జెప్లిన్ 'హోల్ లాటా లవ్' ప్రపంచమంతా మోగింది. రిఫ్ జిమ్మీ పేజ్‌దే, కాదనను. మాటలు మాత్రం డిక్సన్ పాటలోవి. ఆయన 1985లో కోర్టుకెక్కితే 1987లో రాజీ కుదిరింది. ఆ తర్వాతే పాట మీద ఆయన పేరు చేరింది.

ఇక సోకు ముచ్చట. గిటారు కొనలేని నల్లపిల్లలు గోడకు మేకులు కొట్టి, ఒక తీగ బిగించి, దాని మీద సీసా జరిపి నేర్చుకున్నరు. దాన్ని డిడ్లీ బో అంటారు. సోకు చేసేది ఇట్లనా?

ఇప్పుడు ఆ 'మెట్టు' మాట దగ్గరికి రండి. గిటారు ఫ్రెట్‌కు తెలుగు పేరు కొత్తగా పుట్టించే పనిలేదు. మన పాలమూరులో ఎప్పటినుంచో ఉంది, పన్నెండు మెట్ల కిన్నెర అని. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనంతో అతికించిన మెట్లు. దాన్ని మోసుకొచ్చింది డక్కలివాళ్లు. జాంబపురాణం చెప్పి మాదిగలకు వాళ్ల పుట్టుక గొప్పదని వినిపించినవాళ్లు. ఆ కథ విన్న వాడలే వాళ్లను ఇంట్లోకి రానివ్వక ఊరవతల గుడిసెల్లో ఉంచినయి. గిటారు మనది కాదని లొల్లి చేసే పెద్దలు ఈ ముచ్చట ఎత్తరు. ఎందుకెత్తరో మీరే అడగండి.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం దర్శనం మొగులయ్య గొంతు 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో వినపడితే రాష్ట్రమంతా చప్పట్లు కొట్టింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో ఇంటి కట్టడం కాడ కూలి చేస్తూ కనిపించిండు. శాలువాలకు మాత్రం కొదవ లేకుండె.

నా లొల్లి శాలువా గురించి కూడా కాదు. డీప్ పర్పుల్ రిఫ్‌ను వందసార్లు వాయించినోళ్లు ఈ రెండు జిల్లాల్లో దొరుకుతారు. పండుగ సాయన్న కథకు నడిచే కిన్నెర వరుసను వందసార్లు వాయించినోళ్లు డక్కలి ఇండ్ల బయట ఎంతమంది? జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ లాంటివాళ్లు ఊరూరు తిరిగి ఇట్లాంటి వాద్యాలు పోగుచేసిండ్రు. దాచిపెట్టడం వాళ్లు చేసిన పని. వేళ్లకు ఎక్కించుకునుడు మన పని.

గిటారు మీద మీరు చేసేదే ఇక్కడ చేయండి. కిన్నెర పెద్దాయన ఒప్పుకుంటే ఆయన వేళ్లు కనపడేటట్టు ఫోన్‌లో తీయండి. సగం వేగానికి తగ్గించి చూడండి. ఏ తీగ, ఎన్నో మెట్టు అని నోట్‌బుక్‌లో రాసుకోండి. సరిపోయిందా లేదా అని మళ్లీ ఆయనకే వినిపించండి. కిన్నెర మెట్లు గిటారు మెట్లతో అచ్చం కలవకపోతే కంగారు పడొద్దు, కిన్నెర శ్రుతికే గిటారు తీగను లాగి పట్టుకోండి. బ్లూస్ వాళ్లు చేసిందీ అదే, స్వరం మెట్టు మీద దొరక్కపోతే తీగను గుంజిండ్రు.

పోయేటప్పుడు ఆయన ఒక రోజు కూలి పైసలు పట్టుకపోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నరో ఆ పేరు, ఊరు వీడియో మొదట్లోనే చెప్పండి. కింద చిన్న అక్షరాల్లో కాదు.

వచ్చే భాగంలో నారాయణపేట దాసరి కొండప్ప బుర్రవీణ ముచ్చట.

జై భీమ్.