48 నిమిషాల్లో విశాఖ?

గోల్‌మురిలో ఉండే మా బంధువుల ఇంటికి ఓ తెల్లవారుజామున శ్రీకాకుళం దగ్గరి సొంతూరు నుంచి ఫోన్ వచ్చింది. ఇంటి పెద్దాయన పోయారు. ఇక్కడి కుర్రాడు వెంటనే ఇంటర్నెట్‌లో వెతికాడు. జంషెడ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి 645 కిలోమీటర్లు, విమానంలో 48 నిమిషాలు అని కనిపించింది. ‘మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం, ఆపండి’ అని కబురు చేశారు. తీరా వాళ్లు చేరేసరికి రాత్రయింది. చీకటి పడకముందే ఊళ్లో దహనం జరిపించేశారు.

ఆ 645 అనే అంకెలో తప్పేమీ లేదు. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళంగా భావించి, దాని ఉపరితలం మీద అతి దగ్గరి దారిని లెక్కగడతారు. దీన్నే మహావృత్త దూరం అంటారు. భూమి కచ్చితమైన గోళం కాకపోయినా ఈ లెక్కలో తేడా సుమారు అర శాతం లోపే ఉంటుంది.

చిక్కంతా రెండో అంకెతోనే. ఆ దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే 48 నిమిషాలు వస్తుంది. ఆ దారిలో అసలు విమానం ఉందా, ఉంటే ఎలాంటిది అన్న ప్రశ్నలు ఈ భాగహారానికి పట్టవు. జంషెడ్‌పూర్‌లోని సోనారి విమానాశ్రయం రన్‌వే చిన్నది. పెద్ద జెట్ విమానాలు అక్కడ దిగలేవు. 2023లో ఉడాన్ పథకం కింద అక్కడి నుంచి కోల్‌కతాకు మొదలైన సర్వీసు తొమ్మిది సీట్ల సెస్నా విమానంతో నడిచింది. దాని వేగం గంటకు సుమారు 340 కిలోమీటర్లు. కోల్‌కతాకు ఉన్న 235 కిలోమీటర్లకు ఇంటర్నెట్ లెక్క 18 నిమిషాలు చూపిస్తే, సెస్నాకు గాలిలోనే 40 నిమిషాలు దాటుతుంది.

మా వాళ్ల ప్రయాణాన్నే లెక్క వేద్దాం. టాటానగర్ నుంచి హావ్‌డాకు రైల్లో నాలుగు గంటలు, అక్కడి నుంచి విమానాశ్రయానికి ఒక గంట, విమానానికి ముందు రెండు గంటలు, విశాఖకు గంటన్నర, అక్కడి నుంచి శ్రీకాకుళానికి రెండున్నర గంటలు. ఎక్కడా ఎదురుచూపు లేకపోయినా మొత్తం పదకొండు గంటలు. అందులో ఎగిరింది గంటన్నరే.

అందుకే నా అభిప్రాయం ఇది. దూరం చూపించే సైట్లు ఆ అంకె పక్కన ‘గోళం మీద అతి దగ్గరి దారి’ అని స్పష్టంగా రాయాలి. నేరుగా విమానం లేని చోట ప్రయాణ సమయమే చూపించకూడదు. చూపిస్తే, ఏ వేగాన్ని ఊహించి లెక్క వేశారో చెప్పాలి. బడిలో దూరం, వేగం, కాలం పాఠం చెప్పేటప్పుడు కూడా ‘ఈ వేగం ఎక్కడి నుంచి వచ్చింది?’ అని పిల్లల చేత అడిగించాలి.

గోల్‌మురి తెలుగు కుటుంబాల్లో చాలామందికి శ్రీకాకుళం, విశాఖ వైపు ఇంకా అయినవాళ్లున్నారు. ఇలాంటి ఫోన్ మరో ఇంటికి మరో రోజు వస్తుంది. అప్పుడు వాళ్లకు కావలసింది ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి పట్టే సమయం. అది తెలిసి ఉంటే, ‘రాత్రవుతుంది, రేపటిదాకా ఉంచండి’ అని తెల్లవారుజామునే చెప్పి ఉండేవారు.